డాబా మీద మిర్యాలగూడ బస్సు

మా వంటింటి గోడ మీద అరచేత్తో రెండు దెబ్బలు పడ్డాయంటే ఆయన వెళ్లిపోతున్నాడని లెక్క. "వస్తానమ్మా" అనడం, "ఉంటా మరి" అనడం ఆయనకు అలవాటు లేదు. చాయ్ తాగిన గ్లాసు గట్టు మీద పెట్టేవాడు, లేచేవాడు, గోడను రెండుసార్లు తట్టి నడిచేవాడు. ఉద్యోగమంతా బస్సు కండక్టరుగా చేసిన మనిషి. బస్సు కదలాలన్నా మనిషి కదలాలన్నా ఆయనకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

రావడం కూడా అంతే. "బాగున్నావా", "తిన్నవా" ఏమీ ఉండవు. గుమ్మంలో నిలబడి "ఏడికి?" అనేవాడు. నేను మిషన్ ముందు కూర్చుని బ్లౌజు కుడుతున్నా "ఏడికి?" అనే అడిగేవాడు. కూరగాయల బండామెనూ అదే అడిగేవాడు, గోడ మీద నడిచే పిల్లినీ అదే అడిగేవాడు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. ఎక్కడికీ పోకుండా పొద్దుగూకేదాకా మిషన్ తొక్కుతున్నదాన్ని పట్టుకుని ఎక్కడికని అడుగుతాడేమిటి ఈ పెద్దాయన అనుకునేదాన్ని. తర్వాత అర్థమైంది, అది ఆయన "ఎలా ఉన్నావు" అని.

ఆ మధ్య మిర్యాలగూడ నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో కొత్త గొంతు, ఆ పెద్దాయన అల్లుడట. "మా మామ చనిపోయిండమ్మా. ఆయన ఫోన్‌ల మీ నంబరు ‘సూర్యాపేట బిడ్డ’ అని ఉంది. అందుకే మీకు గూడ చెప్తున్న" అన్నాడు. నా చేతిలో కత్తెర ఉంది. ఎవరిదో పట్టు బ్లౌజు చెయ్యి కత్తిరిస్తున్నాను. కత్తెర పక్కన పెట్టి ఏడ్చాను. నంబరుకు ఆయన పెట్టుకున్న పేరు విని ఇంకొంచెం ఏడ్చాను.

దినం రోజు మిర్యాలగూడకు బయలుదేరాను. ఇప్పుడు ఆడవాళ్లకు బస్సులో టికెట్టు ఊరికే కదా. కండక్టరమ్మాయి చిన్నది, ఇంకా ఉద్యోగం కొత్తలాగుంది. టికెట్ల మిషన్ పట్టుకుని నా దగ్గరకొచ్చి, నా ముఖం కూడా చూడకుండా "ఏడికి?" అంది. తలెత్తి ఆ అమ్మాయి ముఖమే చూస్తుండిపోయాను. పక్కనామె నన్ను మోచేత్తో పొడిచి "ఏడికంట చెప్పమ్మా" అంది. మిర్యాలగూడ అని చెప్పి కిటికీ వైపు తిరిగిపోయాను.

ఆయన ఏ ఊళ్లో పుట్టాడో, ఎంతవరకు చదివాడో నాకు సరిగా తెలియదు. భార్య పోయి చాలా ఏళ్లయిందని, కూతురు మిర్యాలగూడలో కాపురం ఉందని తెలుసు, అంతే. సూర్యాపేటలో మేమున్న కిరాయి ఇంటికి ముందు పోర్షన్‌లో ఒక గది తీసుకుని ఉండేవాడు. బిడ్డ దగ్గరికి పోవచ్చు కదా బాబాయ్ అంటే, "పోత తియ్. గాడికి పోతే కుర్సీల కూసోవెట్టి టీవీ పెడ్తరు. నిలవడి బతికినోన్ని, కూసుంటే కాళ్లు తిమ్మిరెక్కుతయ్" అనేవాడు. ఆ మాట నిజమే. ఆయన కూర్చోగా నేను చూసింది తక్కువ. మా ఇంట్లో చాయ్ కూడా గుమ్మానికి భుజం ఆనించి, కాళ్లు కాస్త ఎడంగా పెట్టి, ఇల్లు మలుపు తిరుగుతుందేమో అన్నట్టు నిలబడే తాగేవాడు.

ఏ కాగితమిచ్చినా నిలువునా మడిచి వేళ్ల సందున పెట్టుకునేవాడు. కరెంటు బిల్లు, పెళ్లి పత్రిక, మందుల చీటీ అన్నీ అక్కడే. పెళ్లికి పోతే భోజనాల దగ్గర ముందు కూర్చునేవాడు కాదు. వరుస చివర నిలబడి, వీళ్లకు విస్తరి పడిందా, వాళ్లకు నీళ్లొచ్చాయా అని కుర్చీ కుర్చీ మీద చెయ్యి వేసుకుంటూ పోయేవాడు. పిలిచినవాళ్లు ఎవరో, వచ్చినవాళ్లు ఎవరో ఆయనకు అక్కర్లేదు. అందరూ ఎక్కారా లేదా, అదొక్కటే. లెక్క పెట్టడం ఎక్కడ నేర్చుకున్నావు బాబాయ్ అని ఒకసారి అడిగాను. "మాది గొర్ల మందున్న ఇల్లు బిడ్డా. మా నాయన పొద్దుగూకినంక గొర్ల వీపుల మీద చెయ్యేసి లెక్కవెట్టేది. నేను సీట్ల మీద చెయ్యేసి లెక్కవెట్టిన. గొర్లే నయం. చిల్లర అడగవు" అన్నాడు. అని తనే నవ్వాడు.

ఇన్ని అలవాట్లున్న మనిషిని చూసి వాడకట్టంతా నవ్వుకునేది. నేనూ నవ్వాను. మా సహస్ర పుట్టినరోజు దాకా.

సహస్ర మా కూతురు. అప్పుడు దానికి అయిదో ఏడు నిండబోతోంది, యూకేజీ. ఆ ఏడు మాకు కలిసి రాలేదు. మా ఆయన పనిచేసే పురుగుమందుల దుకాణం మూతపడి నెలలైంది. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయటికి పోయేవాడు, మధ్యాహ్నానికి తిరిగొచ్చేవాడు. ఒకరోజు గేటు దగ్గర పెద్దాయన ఎప్పటిలాగే "ఏడికి అల్లుడా?" అన్నాడు. నేను బిడ్డనైతే మా ఆయన అల్లుడే కదా. మా ఆయన గేటు దగ్గరే వెనక్కి తిరిగాడు. చెప్పులు విడిచి లోపలికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత పెద్దాయన మా ఆయన్ని మాత్రం ఆ మాట అడగడం మానేశాడు. కనబడితే ఊరికే చెయ్యెత్తేవాడు.

అలాంటి రోజుల్లో సహస్ర క్లాసులో హాసిని అనే పిల్ల పుట్టినరోజు జరిగింది. హైవే మీద పెద్ద ఏసీ హాలు. బెలూన్లతో కమాను, ఎలుగుబంటి వేషం వేసుకున్న మనిషి, పిల్ల ఎత్తున్న కేకు, పోయేటప్పుడు తలా ఒక బహుమతి సంచి. మా పిల్ల ఇంటికొచ్చాక రెండు రోజులు ఎలుగుబంటి కబుర్లే చెప్పింది. చెప్పనీలే అనుకున్నాను. మూడో రోజు బడి నుంచి ఎగురుకుంటూ వచ్చి, "అమ్మా, నా బర్త్‌డేకి క్లాసు మొత్తాన్ని పిల్చిన. మా ఇంటికి అందరు రండ్రి అని మిస్‌తోని గూడ చెప్పిచ్చిన" అంది.

నాకు కొట్టాలన్నంత కోపమొచ్చింది, కొట్టడానికి అది చేసిన తప్పేముంది? పిలిస్తే వెళ్లింది, తిరిగి పిలిచింది. పెద్దవాళ్లం మనమూ చేసేది అదే. మర్నాటి నుంచి తల్లుల ఫోన్లు మొదలయ్యాయి. "సహస్ర మమ్మీయా? బర్త్‌డే ఏ హాల్ల అండి?" అని ఒకామె, "వెజ్జా నాన్‌వెజ్జా" అని ఇంకొకామె. రేపు చెప్తానండి, రేపు చెప్తానండి అని పెట్టేశాను. మా ఆయన చిట్టీ పాట పాడదామన్నాడు. వద్దన్నాను. మరి పిల్లతో ఏం చెప్తావన్నాడు. ఆ పిల్ల ముప్పై మంది ముందు ఇచ్చిన మాట అది. ఆ మాట పోతే, రోజూ అదే బడికి, అదే బెంచీకి అదే పోవాలి కదా.

ఆ సాయంత్రం గుమ్మంలోంచి "ఏడికి?" అని వినిపించింది. "ఎక్కడికీ లేదు బాబాయ్, ఈడనే ఇరుక్కున్న" అని మొత్తం చెప్పేశాను. ఆయన గుమ్మానికి ఆనుకుని చాయ్ తాగుతూ విన్నాడు. పాపం అనలేదు, ధైర్యం చెప్పలేదు. గ్లాసు పెట్టి అడిగాడు.

"ఎంతమంది ప్యాసింజర్లు?"

"క్లాసు మొత్తం."

"అమ్మలు నాయనలు?"

"వాళ్లను పిలవకుంటే ఏమనుకుంటరో."

"పెద్దోళ్లను పిలిస్తే ముక్క అడుగుతరు. పిల్లలు కిటికీ పక్క సీటు అడుగుతరు. ఏది అగ్గువ?"

నాకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. "హాలు అడుగుతున్రు బాబాయ్" అన్నాను.

"హాలు ఏడికన్న పోతదా? ఉన్నకాడనే ఉంటది. మనం బస్సు తీద్దాం. నాలుగింటికి తీస్తే ఆరింటికి దించొచ్చు. నాలుగుకు ఆరుకు నడిమిట్ల ఎవలు అన్నం తినరు. ఇగ నీకు వంట లేదు, హాలు లేదు." గోడను రెండుసార్లు తట్టి వెళ్లిపోయాడు.

అంతలోనే ఇంకో తల్లి ఫోన్. ఆయన గేటు దాకా పోయినవాడు వెనక్కొచ్చి నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. "హాల్ కాదమ్మా, బస్సు. నాలుగింటికి మా డాబా మీదకెళ్లి బయలెల్తది. మీ పాపను ఆరింటికి దించుతం, వచ్చి తీస్కపోండ్రి. అన్నం ఇంట్లనే" అన్నాడు. అవతలామె ఏమందో తెలియదు. ఈయన మాత్రం "టైముకు రావాలె. బస్సు ఆగదు" అని పెట్టేశాడు. మర్యాద మంట గలిసిందని నేను తల పట్టుకున్నాను.

అయితే సహస్ర ఇదంతా గుమ్మం వెనక నిలబడి విన్నది. ముఖం ముడుచుకుంది. "బస్సా? ఎలుగుబంటి రాదా?" అంది. ఆయన దాని ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. నేను చూస్తుండగా ఆయన కూర్చున్న కొద్దిసార్లలో అదొకటి. "ఎలుగుబంటికి టికెట్ లేదు బిడ్డా" అన్నాడు. "మరి నేను డ్రైవరా?" అని అడిగింది. "నువ్వు కండక్టరువు" అన్నాడు. దానికి అది నచ్చలేదు. డ్రైవరే కావాలని కాలు నేలకేసి కొట్టింది.

"సూడు బిడ్డా. డ్రైవర్ ముందటికే సూస్తడు. ఎన్క ఎవలున్నరో ఆయనకు తెల్వదు. కండక్టర్ అందరి దగ్గరికి పోతడు. పుట్టినరోజు పిల్ల అందరి దగ్గరికి పోవాలె గద?"

అది కాసేపు ఆలోచించి ఒప్పుకుంది. ఇక ఆ వారమంతా మా ఇంట్లో పని ఆయనదే. పాత క్యాలెండర్ కాగితాలు తెచ్చి టికెట్లు కోశాడు. నా మిషన్ కింద మూట కట్టిన బ్లౌజు గుడ్డల పేలికలు అడిగి తీసుకుని, తాడుకు కట్టి డాబా చుట్టూ తోరణాలు వేయించాడు. పట్టువి, కాటన్‌వి, జరీ అంచులు, ఊళ్లో ఆడవాళ్ల జాకెట్లన్నీ గాలికి ఊగుతుంటే నాకే సిగ్గనిపించింది. బాగుందని కూడా అనిపించింది. కుర్చీలు వాడకట్టులో అడిగి తెచ్చాం. ప్లాస్టిక్‌వి, ఇనుపవి, స్టూళ్లు, పీటలు, ఎవరిదో పాత సోఫా ముక్క. నేను రెండేసి చొప్పున సర్దుతుంటే వద్దన్నాడు. అటొక వరుస, ఇటొక వరుస, ఒక్కో కుర్చీ చొప్పున పిట్టగోడల పక్కన వేయించాడు. "అందరియి కిటికీ సీట్లే. కొట్లాట ఉండదు" అన్నాడు.

పుట్టినరోజు నాడు మూడున్నరకు మా ఆయన లోపల గదిలోనే ఉన్నాడు. పిల్లల తల్లులకు, తండ్రులకు ఎదురుపడటం ఇష్టం లేదు. పనేం చేస్తున్నారని అడుగుతారని భయం. పెద్దాయన గది ముందు నిలబడి నా వంటింట్లోంచి తీసుకున్న జల్లెడ లోపలికి చాచాడు. "అల్లుడా, స్టీరింగ్" అన్నాడు. మా ఆయన కదల్లేదు. "నాకు బండి నడుపుడు రాదు. నువ్వు రాకుంటే ఇయ్యాల బస్సు క్యాన్సిల్" అన్నాడు. మరి పాపం ముప్పై మంది పిల్లలు మెట్లెక్కుతున్నారు. మా ఆయన లేచి జల్లెడ అందుకున్నాడు.

సహస్ర మెడలో నా చేతిసంచి, చేతిలో టికెట్లు, పెద్దాయన దాచుకున్న ఇనుప పంచ్. మిషన్లు రాకముందు టికెట్లకు చిల్లు కొట్టేది అదే. ప్రతి కుర్చీ దగ్గరా ఆగి "ఏడికి?" అంటోంది. అచ్చం ఆయన గొంతే. పిల్లలు నోటికొచ్చిన ఊళ్లు చెప్తున్నారు. ఒకడు ఢిల్లీ అన్నాడు. "ఢిల్లీ పోదు. మిర్యాలగూడ లాస్ట్" అంది కూతురు, అప్పటికే ఆరితేరినట్టు.

అప్పుడే హాసిని వచ్చింది, పరికిణీ లాంటి పెద్ద గౌనులో, కారు దిగి, తల్లి చెయ్యి పట్టుకుని. మెట్ల చివర నిలబడి కుర్చీలను, పేలికలను, జల్లెడ పట్టుకున్న మా ఆయన్ని చూసింది. "ఇది బర్త్‌డేనా? కేకు ఏది?" అంది. గట్టిగానే అంది. పిల్లలంతా ఇటు తిరిగారు. నా కూతురు ముఖం వాడిపోవడం నేను చూశాను. పంచ్ పట్టుకున్న చెయ్యి కిందికి దిగిపోయింది. నేను ఏదో ఒకటి అందామని ముందుకు పోబోయాను. పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి ఆపి, సహస్ర వైపు వంగి మెల్లగా అన్నాడు. "కండక్టరమ్మా, ప్యాసింజర్ నిలవడ్డది. ఏడికో అడుగు."

సహస్ర పంచ్ మళ్లీ పైకెత్తి, "ఏడికి?" అంది.

హాసిని తల్లి వైపు చూసింది. "మిర్యాలగూడ" అంది పిల్ల చివరికి. "మా అమ్మమ్మ వాళ్ల ఊరు."

"మిర్యాలగూడ పోతది. ఎక్కు" అని సహస్ర టికెట్టుకు టక్కున చిల్లు కొట్టి చేతిలో పెట్టింది. అందరికంటే ముందున్న కుర్చీలో కూర్చోబెట్టింది. పెద్దాయన పిట్టగోడను రెండుసార్లు తట్టాడు. "రైట్" అని పిల్లలంతా అరిచారు. మా ఆయన నోటితో ఇంజను మొదలుపెట్టాడు.

ఆ మనిషి అంత బాగా బండి నడుపుతాడని నాకు పెళ్లైన ఇన్నేళ్లలో తెలియదు. గేరు మార్చాడు, హారన్ కొట్టాడు, ఎదురుగా లారీ వస్తోందని ఒక పక్కకు ఒరిగాడు. వెనక పిల్లలంతా అటే ఒరిగారు. డాబా మీంచి మార్కెట్టుకు పోయే వడ్ల లారీలు నిజంగానే కనబడుతున్నాయి. గేదెలు అడ్డం వచ్చాయని బ్రేకు వేశాడు. నెలల తర్వాత ఆయన నవ్వు విన్నాను. ఆ ఒక్క నవ్వుకైనా ఆ పెద్దాయనకు నేను జన్మంతా రుణపడి ఉంటాను.

కోదాడ వచ్చింది. పిల్లలంతా దిగాలి, కాళ్లు విదిలించుకోవాలి. నేను గంపతో ఉడకబెట్టిన పల్లీలు పట్టుకుని నిలబడ్డాను. ఊరికే నిలబడితే ఆయన ఒప్పుకోలేదు, కేకలు వేయమన్నాడు. "పల్లీలు, పల్లీలు" అన్నాను. "గట్ల గాదు. కోదాడొచ్చినం, ఆంధ్ర పక్కనే. గీడ అండీ అనాలె" అని తనే గొంతు మార్చి "పల్లీలండీ, ఏడేడి పల్లీలండీ" అని అరిచాడు. హుజూర్‌నగర్‌లో జామకాయ ముక్కలు, ఉప్పూ కారం చల్లినవి. హాసిని వాళ్లమ్మ అప్పటిదాకా మెట్ల దగ్గరే నిలబడి ఉందా, హుజూర్‌నగర్‌లో చెయ్యి చాచింది. ఇంకో ముక్క అడిగింది. తర్వాత వెనక స్టూలు మీద కూర్చుని తనూ టికెట్టు తీసుకుంది. ప్రతి ఊళ్లోనూ పిల్లలు తిరిగి ఎక్కాక పెద్దాయన ఆఖరి కుర్చీ దాకా చెయ్యి వేసుకుంటూ పోయి, అక్కడ ఆగి, వెనక్కి తిరిగి చూసి, అప్పుడు గానీ "రైట్" అనలేదు.

మిర్యాలగూడ ఆఖరి స్టేజీ. అక్కడ కేకు. కేకంటే కేకు కాదు, ఆయన పొద్దున్నే బేకరీకి పోయి తెచ్చిన క్రీమ్ బన్నులు, పిల్లకొకటి. "ఒక్కల కేకును ముప్పై మంది సూసుడెందుకు, ఎవలది వాళ్లే తింటరు" అన్నాడు. నేను అయిదు అంకె ఉన్న కొవ్వొత్తి కొని పెట్టుకున్నాను. తీసి ఇవ్వబోతే ఆయన చూడనట్టే ఉన్నాడు. చొక్కా జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. బీడీ అలవాటు కూడా లేని మనిషి జేబులో అగ్గిపెట్టె ఏమిటని అనుకున్నాను. సహస్ర బన్ను మీద ఒక అగ్గిపుల్ల గుచ్చి, ఇంకోటి గీసి దాన్ని ముట్టించాడు.

నాకు ఇప్పటికీ కళ్ల ముందున్నది అదే. అందరూ మంటను చూస్తున్నారు, ఆయన సహస్ర ముఖం చూస్తున్నాడు. పరీక్ష రాసిన పిల్లవాడు మార్కుల కాగితం కోసం చూసినట్టు చూస్తున్నాడు. "ఊదు బిడ్డా, జల్ది, పుల్ల ఎంతసేపు ఉంటది" అన్నాడు. అది ఉఫ్ఫని ఊదింది. పొగ ముక్కులోకి పోయి తుమ్మింది. ఒక్కసారిగా పకపక నవ్వి, "ఇంకోటి తాతా" అంది.

ఆయన ముఖం అప్పుడు విచ్చుకున్న తీరు నేను చెప్పలేను. ఇంకోటి గీశాడు. తర్వాత హాసినికి గీశాడు. తర్వాత ఢిల్లీ పిల్లవాడికి. ప్రతి బన్ను మీదా పుల్ల గుచ్చి, ప్రతి పిల్లతోనూ ఊదించి, పెట్టె ఖాళీ అయ్యేదాకా గీస్తూనే ఉన్నాడు. చివర మిగిలిన పిల్లలకు నేను వంటింట్లోంచి ఇంకో పెట్టె తెచ్చాను. నా కొవ్వొత్తి సంచిలోనే ఉండిపోయింది.

తర్వాత వారం దాకా తల్లులు ఫోన్లు చేశారు. చిల్లు కొట్టిన కాగితం ముక్క పారేస్తే పిల్లలు ఊరుకోవడం లేదని, మా డాబా బస్సు మళ్లీ ఎప్పుడు పోతుందని. మా ఆయనకు కొన్నాళ్లకు వేరే దుకాణంలో పని దొరికింది. మొదటి రోజు పోతుంటే గేటు దగ్గర పెద్దాయన చాలా నెలల తర్వాత "ఏడికి అల్లుడా?" అన్నాడు. "డ్యూటీకి మామా" అన్నాడు మా ఆయన. పెద్దాయన గేటును రెండుసార్లు తట్టి పంపించాడు. మోకాళ్లు మొరాయించాక ఆయన మిర్యాలగూడ బిడ్డ దగ్గరికి పోక తప్పలేదు. పోయే రోజు మా వంటింటి గోడను కాస్త గట్టిగానే కొట్టాడు.

మిర్యాలగూడలో ఆ ఇంటికి చేరేసరికి భోజనాలు నడుస్తున్నాయి. దండ వేసిన ఫోటోలో కూడా ఆయన నిలబడే ఉన్నాడు. కూతురు నా ఈడుదే, దవాఖానలో నర్సు. నేను ఫలానా అని చెప్పగానే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి, నన్ను కూర్చోబెట్టి విస్తరి వేసింది. తను కూర్చోలేదు. చేతిలో గరిటెతో పక్కనే నిలబడింది, కాళ్లు కాస్త ఎడంగా పెట్టి. తండ్రి నిలబడినట్టే.

"నాన్న మీ పాప ముచ్చట చెప్పేటోడక్కా. పుట్టినరోజు చేసిండట గద. ఏం చేసిండో మాత్రం చెప్పలే. అడిగితే నవ్వేటోడు" అంది.

నేను చెప్పడం మొదలుపెట్టాను. డాబా మీద కుర్చీలతో బస్సు తీశాడని చెప్పాను. ఆమె చేతిలో గరిటె ఆగింది. కోదాడలో ఉడకబెట్టిన పల్లీలు పెట్టించాడన్నాను. "హుజూర్‌నగర్‌ల జామకాయ" అంది ఆమె, నేను అనకముందే.

నేను తలెత్తి చూశాను.

"నాకు ఆరేండ్లప్పుడు మా అమ్మ పోయింది. నా పుట్టినరోజు నాడు నాన్నకు సెలవు దొరక్కపోయేది. ఇంట్ల ఎవలు లేరు గద, డ్యూటీల నన్ను ఎంట తీస్కపోయేటోడు. ముందల సీట్ల కూసోవెట్టి నాకు గూడ టికెట్ కొట్టేటోడు. కోదాడ స్టాండ్ల పల్లీలామె, హుజూర్‌నగర్‌ల జామకాయలామె, నా పుట్టినరోజని చేతుల పెట్టేటోళ్లు. మిర్యాలగూడ వచ్చినంక బన్ను కొనేటోడు." ఆమె నా వైపు వంగింది. "మీ పాపకు గూడ బన్నేనా?"

"బన్నే."

"అగ్గిపుల్ల గుచ్చిండా?"

తలూపాను.

"నేను ఏడ్సేదాన్నక్కా" అంది ఆమె. "కేకు కావాలె, క్యాండిల్ కావాలె, ఇది వద్దు అని బస్టాండ్ల అందరి ముందట ఏడ్సేదాన్ని. పుల్ల గీసి నా దిక్కే సూసేటోడు. ఊదకపోయేదాన్ని. అది కాలి కాలి ఆయన ఏలుకు తాకేది." గరిటెను గిన్నెలో పెట్టింది. "మీ పాప ఏడ్సిందా?"

"లేదు. పొగకు తుమ్మింది. నవ్వి, ఇంకోటి తాతా అన్నది."

"గీసిండా?"

"గీసిండు" అన్నాను. "పెట్టె ఖాళీ అయ్యేదాక గీసిండు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు, రెండూ అయి ఉంటాయి. కాసేపటికి కళ్లు తుడుచుకుని, గిన్నె తీసుకుని, నేను వద్దంటున్నా నా విస్తట్లో ఇంకో గరిటె అన్నం వేసింది. "తిను అక్కా. నీ బస్సుకు ఇంక టైముంది" అని, వరుసలో ఆఖరి విస్తరి దాకా చూసుకుంటూ నడిచింది.